పక్కవారి ఫొటో చూసి ఏం చెప్పాలి: నా అనుభవం

ఫొటో తీసినవారికి తమ ఫొటోలో ఉన్నదంతా కనిపించదు. ఆ రోజు వాళ్లు అక్కడ ఉండటమే దానికి కారణం. నడిచిన దూరం, ఎదురుచూసిన గంట, ఆ మనిషి పలకరించిన తీరు, చెవిలో పడ్డ డప్పుల మోత, అన్నీ వారి మనసులో ఉంటాయి. ఫొటో చూడగానే అవన్నీ వచ్చి కాగితం మీద చేరతాయి. చూసేవారికి అవేవీ తెలియవు. నాలుగు అంచుల మధ్య ఉన్నదే వారికి దక్కుతుంది. తోటివారి ఫొటోల గురించి అభిప్రాయం చెప్పడమనే పనికి ఈ తేడాయే ఆధారమని నా నమ్మకం. ఆ నమ్మకం ఎలా కుదిరిందో, చెప్పే పద్ధతి ఎలా అలవాటైందో ఇక్కడ రాస్తున్నాను. సరదాగా ఫొటోలు తీసే నలుగురు ఒకచోట చేరిన ప్రతిచోటా ఇది పనికొస్తుందని అనుకుంటున్నాను.

మా బృందం నెలకో ఆదివారం హైదరాబాద్ నారాయణగూడలో ఒక సభ్యుడి మేడ మీది గదిలో కలుస్తుంది. మాలో ఎవరికీ ఫొటోగ్రఫీ వృత్తి కాదు. రిటైరైన లెక్కల మాష్టారు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు ముగ్గురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, మలక్‌పేట నుంచి వచ్చే డిగ్రీ విద్యార్థిని, బేగంబజారులో స్టీలు సామాన్ల దుకాణం నడిపే ఒకాయన, నేను. ఒక్కొక్కరు రెండేసి ఫొటోలు ప్రింటు వేయించి తేవాలి. ఎనిమిది అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల పొడవు. ఫోనులో చూపిస్తే లెక్కలోకి రాదు. ఈ నియమం మాష్టారు పెట్టింది, నాకెంతో నచ్చినది. ఫోను తెర మీద ప్రతి ఫొటో నునుపుగా, మెరుస్తూ కనిపిస్తుంది. అంచుల్లో ఏముందో కంటికి ఆనదు, వేలు పక్కకు జరపగానే అది మాయమై ఇంకొకటి వస్తుంది. కాగితం బల్ల మీద పెడితే ఎటూ పోదు. పక్కకు వంగి చూడవచ్చు, తలకిందులుగా తిప్పి చూడవచ్చు, చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరకు నడవవచ్చు.

నేను చేరిన కొత్తలో ఫొటో బల్ల మీద పెట్టగానే వినిపించే మాటలు కొన్నే. చాలా బాగుంది. అద్భుతం. ఏ లెన్సు? మంచి మనసుతోనే అనేవారు. కానీ తెచ్చినవారు ఏమీ పట్టుకెళ్లేవారు కాదు. ఇంకో రకం మాట కూడా వినిపించేది: "నేనైతే కింద కూర్చుని తీసేవాణ్ణి", "నేనైతే నలుపు తెలుపు చేసేవాణ్ణి." దానితో చర్చ బల్ల మీది ఫొటోను వదిలేసి, ఎవరూ తీయని ఇంకో ఫొటో వైపు వెళ్లిపోయేది. వీటికి తోడు వయసు. డెబ్భై దాటిన మాష్టారి ఫొటోలో ఫలానా చోట ఇబ్బందిగా ఉందని పాతికేళ్ల కుర్రాడు నోరు తెరిచి అనలేడు. అదే డిగ్రీ చదివే అమ్మాయి ఫొటో పెడితే గదిలో అందరికీ సలహాలు గుర్తొస్తాయి. పెద్దవారికి మెప్పు, చిన్నవారికి పాఠం. రెండు సందర్భాల్లోనూ మనిషిని చూసే మాట్లాడుతున్నారు.

ఒక ఆదివారం మాష్టారు తన ఫొటో పెట్టి, అందరూ మెచ్చుకున్నాక, "మీరంతా నా తెల్ల జుట్టు చూసి మాట్లాడుతున్నారు. ఒక్కరైనా నా ఫొటో చూశారా?" అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "వచ్చే నెల నుంచి చర్చ నువ్వు నడిపించమ్మా. నువ్వు తక్కువ మాట్లాడతావు, రాసుకుంటావు. అది చాలు" అన్నారు.

ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించి, సభ్యుల ఫొటోలను ఒక నెల పక్కన పెట్టించాను. రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోల ప్రతులు కొన్ని బల్ల మీద పరిచాను. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, కొలతలు గీతల ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టిన మనిషి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు, 1905లో పోయాడు. ఆయన గాజు ప్లేట్లు, అంటే గాజు మీది నెగెటివులు, వేలల్లో ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆయనను ఎంచుకోవడానికి కారణం ఊరి అభిమానం ఒక్కటే కాదు. ఆ ఫొటోల ముందు మాకు మొహమాటం లేదు. ఆయన ఎదురుగా కూర్చుని లేడు, నొచ్చుకోడు, మా ఇంటికి పెళ్లిపిలుపుకు రాడు. లెన్సు గురించి అడగడానికీ వీల్లేదు. మిగిలింది చూడటం ఒక్కటే.

ఒక్కో ఫొటో ముందు నిమిషంపాటు ఎవరూ మాట్లాడకూడదన్నాను. తర్వాత ఒక్కొక్కరు రెండు సంగతులు చెప్పాలి: కన్ను మొదట ఎక్కడ పడింది, అక్కడి నుంచి ఎటు వెళ్లింది. బాగుందో లేదో చెప్పకూడదు. ఒక రాజప్రాసాదపు గది ఫొటో పెట్టినప్పుడు, కుర్చీల వరుస వెంబడి చూపు లోపలికి వెళ్లి చివరి అద్దం దగ్గర ఆగిందని బ్యాంకు ఉద్యోగి అన్నాడు. దుకాణం ఆయన చూపు నేల మీది తివాచీ అంచు పట్టుకుని వెళ్లిందట. దారులు వేరు, చేరినది ఒకేచోటికి. గదిలో ఏ వస్తువూ దానంతటది అక్కడ లేదని, కెమెరాలో ప్లేటు పెట్టకముందే దీన్‌దయాళ్ అన్నీ చూసుకున్నాడని ఆ నిమిషంలో మాకు తెలిసివచ్చింది. అందరికీ నోరు వచ్చింది. మరుసటి నెల మా ఫొటోలకు తిరిగి వచ్చాం.

అప్పుడు మాష్టారు ఆ బోనాల ఫొటో తెచ్చారు.

ఆషాఢంలో బోనాలు గోల్కొండ కోటలో మొదలవుతాయి. జగదాంబ అమ్మవారికి బోనం ఎత్తుకుని మెట్లెక్కుతున్న ఒక నడివయసు స్త్రీ. పసుపు రాసుకున్న ముఖం, నుదుట పెద్ద బొట్టు, ఎర్ర చీర, తల మీద సున్నం పసుపు చారలు పెట్టిన కుండ, చుట్టూ వేపాకు, పైన ప్రమిదలో దీపం. కళ్లు సగం మూసి ఉన్నాయి. మబ్బు పట్టిన పొద్దు కాబట్టి ముఖం మీద గట్టి నీడలు లేవు, వెలుగు సమానంగా పరుచుకుంది. మాష్టారు ఆ జనంలో తెల్లవారుజాము నుంచి నిలబడ్డారని మాకందరికీ తెలుసు. అందుకే ఆ నిమిషం మౌనం నాకు మామూలు కన్నా బరువుగా అనిపించింది.

నా వంతు మొదటిది. నా కన్ను దీపం దగ్గర పడలేదు. దీపానికి బెత్తెడు పక్కన, వెనకాల కట్టిన ఫ్లెక్సీలో నవ్వుతున్న ఒక నాయకుడి ముఖం మీద పడింది. అక్కడి నుంచి ఫ్లెక్సీ మీది అక్షరాలకు వెళ్లింది, వాటిని చదివింది, ఆ తర్వాతే కుండ మీదకు, ఆమె ముఖం మీదకు దిగింది. సరిగ్గా అలాగే చెప్పాను. "మాష్టారూ, నా చూపు ముందు ఫ్లెక్సీలోని ముఖం మీద పడిందండీ. దాన్ని చదివాక అమ్మవారి బోనం చూశాను. ఆమె ముఖానికి వచ్చేసరికి చివరైంది" అన్నాను.

ఆయన ఫొటో చేతిలోకి తీసుకున్నారు. కళ్లజోడు పైకి నెట్టి చూశారు. "ఇక్కడ ఫ్లెక్సీ ఉందా!" అన్నారు. ప్రింటు వేయించినప్పుడు చూశారు, ఇంట్లో గోడకు ఆనించి చూశారు, కవరులో పెట్టి తెచ్చారు. అయినా అది ఆయనకు కనిపించలేదు. ఆయన చూస్తున్నది ఆ తల్లిని, ఆ పొద్దును. నేను చూస్తున్నది కాగితాన్ని. ఆయన కాస్త కూడా నొచ్చుకోలేదు, ఎందుకంటే నేను ఆయన తప్పేదీ చెప్పలేదు. నా చూపు ఎటు వెళ్లిందో చెప్పాను. దాన్ని ఎవరూ కాదనలేరు.

అసలు పని అక్కడ మొదలైంది. మనిషి ముఖం, అక్షరాలు, అన్నిటికన్నా వెలుగున్న చోటు, అన్నిటికన్నా స్పష్టంగా ఉన్న చోటు, ఎరుపు: చూపును ముందుగా లాక్కునేవి ఇవే. ఆ ఫ్లెక్సీలో వీటిలో చాలా వరకు ఉన్నాయి. ఎపర్చరు, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ 8లో చిన్నగా ఉండటంతో వెనకాల గోడ దాకా అన్నీ స్పష్టంగా పడ్డాయి. దాన్ని ఎఫ్ 2.8కి పెద్దగా తెరిచి ఉంటే అక్షరాలు కరిగిపోయేవని ఒకరన్నారు. నిజమే, కానీ ఆ గాఢమైన రంగుల ముద్ద మాత్రం దీపం పక్కనే ఉండిపోయేది. వంగి కింది నుంచి తీస్తే వెనక ఆకాశం వచ్చేదని ఇంకొకరు. మబ్బు ఆకాశం తెల్లగా కాలిపోయి, దీపాన్ని మింగేసేది. చివరకు మాష్టారే బల్ల మీద పెన్సిలుతో గీసి చూపారు: రెండడుగులు కుడికి జరిగి ఉంటే ఆమె వెనకకు కోట రాతిగోడ వచ్చేది, నల్లటి రాయి మీద చిన్న దీపమైనా వెలిగేది. లెక్కల మాష్టారు కదా, కోణం వేసి మరీ చూపారు.

చీర గురించి కూడా ఒక మాట వచ్చింది. ఎర్ర చీర మడతలన్నీ ఒకే ముద్దగా, గుడ్డ నేత తెలియకుండా ఉన్నాయి. హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో వెలుగెంతో చూపే గ్రాఫు, బాగానే ఉందే అన్నారు మాష్టారు. కెమెరా మామూలుగా చూపే గ్రాఫు మొత్తం వెలుగుది. పసుపు, కుంకుమ, ఎర్ర చీర ఉన్న చోట ఎరుపు ఒక్కటే హద్దు దాటిపోయినా ఆ గ్రాఫులో తెలియకపోవచ్చు. మూడు రంగులకూ విడివిడిగా గ్రాఫు చూపే అమరిక చాలా కెమెరాల్లో ఉంటుంది. బోనాలు, బతుకమ్మ, పెళ్లిళ్లు తీసే మనకు ఇది తప్పక తెలియాలి. మన పండగల రంగులే అలాంటివి.

ఆ రోజు నుంచి మా పద్ధతి స్థిరపడింది. మౌనం, తర్వాత చూపు దారి, ఆ తర్వాత తీసినవారిని అడగడం: "మీరు ఏం చూపాలనుకున్నారు?" ఈ ప్రశ్న మూడోదిగానే రావాలని పట్టుబడతాను. ముందే అడిగితే వారు కథ చెబుతారు, ఆ కథ విన్నాక మనకూ ఆ రోజు తెలిసిపోతుంది, ఇక మనమూ కాగితాన్ని చూడలేం. చూసేవారిగా మనకున్న ఒకే ఒక్క అర్హత పోతుంది. అందుకే ఫొటో పెడుతూ "ఇది ఎక్కడంటే..." అని ఎవరైనా మొదలుపెడితే మర్యాదగా ఆపుతాను. మన చూపు వెళ్లిన దారి, వారు చూపాలనుకున్నది ఒకటైతే ఆ సంగతి గట్టిగా చెప్పాలి. మెప్పుకు అప్పుడు ఆధారం ఉంటుంది, తీసినవారు దాన్ని నమ్ముతారు. వేరైతే, ఎక్కడ వేరయ్యాయో కలిసి వెతకాలి.

మలక్‌పేట అమ్మాయి ఒకసారి తెచ్చిన ఫొటోను పక్కన పెట్టేద్దామనుకుంది. కవరులోంచి తీయనేలేదు. "అక్కా, ఇది వద్దులే, అంతా గింజలు గింజలుగా వచ్చింది" అంది. బల్ల మీద పెట్టమన్నాను.

వాళ్ల అమ్మమ్మ వంటింట్లో నేల మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. ఎడమ వైపు చిన్న కిటికీ, అందులోంచి వచ్చే వెలుగు తప్ప గదిలో ఇంకేమీ లేదు. కెమెరా ఐఎస్‌ఓను, అంటే తక్కువ వెలుగునూ పట్టే అమరికను, 6400కు పెంచి, షట్టర్ సెకనులో ముప్ఫయ్యో వంతుకు దించి తీసింది. ముసలామె ముఖం, భుజం కదలకుండా ఉన్నాయి. చేట అంచు కొద్దిగా కదిలింది. గాలిలోకి లేచిన బియ్యం మాత్రం గింజలుగా లేవు. సన్నటి తెల్లని గీతలై, ఒకదాని పక్కన ఒకటి వంపు తిరిగి, కిటికీ వెలుగులో మెరుస్తూ చేటలోకి దిగుతున్నాయి. గీతల వెనక పొట్టు పొగమంచులా తేలుతోంది.

అంతవరకు నేర్చుకున్న పద్ధతి అందరూ మరిచిపోయారు. నాయిస్, అంటే ఆ అమ్మాయి చెప్పిన గింజల గరుకుదనం, ఎక్కువైంది, ట్రైపాడ్ వాడాల్సింది, షట్టర్ పెంచాల్సింది, ఫ్లాష్‌ను పైకప్పుకు కొట్టించాల్సింది. తప్పు కనిపెట్టడం తెలిసిన వెంటనే చెప్పాలనిపించే ఆత్రం అది. అందరినీ ఆపి, మళ్లీ మొదటి నుంచి అడిగాను: కన్ను ఎక్కడ పడింది? ఒక్కరు కూడా నాయిస్ మీద పడిందని అనలేదు. అందరి కన్నూ ఆ బియ్యపు గీతల మీదే పడింది, అక్కడి నుంచి చేతులకు, చేతుల నుంచి ముఖానికి. నాయిస్ సంగతి తమకు తెలిసిన విషయం కాబట్టి చెప్పారు, కంటికి అడ్డొచ్చినది కాబట్టి కాదు.

ట్రైపాడ్ ఉన్నా బియ్యం కదలిక ఆగదు. అది ఆపాలంటే షట్టర్ అయిదు వందో వంతుకు పోవాలి, అప్పుడు ఐఎస్‌ఓ ఇంకెన్నో రెట్లు పెరగాలి. అలా చేస్తే ఒక్కో గింజ గాలిలో చుక్కలా నిలబడుతుంది. అదీ ఒక ఫొటోయే. ఏది కావాలో తీసినవారే చెప్పాలి. ఆ అమ్మాయిని అడిగితే, "అమ్మమ్మ చేతులు ఒక్క క్షణం ఆగవు, అది రావాలనుకున్నా" అంది. వచ్చింది. ఇంక షట్టర్ గురించి చర్చ అనవసరం.

నాయిస్ సంగతి ప్రింటే తేల్చింది. ఆమె కెమెరా 24 మెగాపిక్సెళ్లది, అంటే 6000 బై 4000. మా సైజు ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600 బై 2400 చాలు. కుదించినప్పుడు పక్కపక్క పిక్సెళ్లు కలిసిపోయి గరుకుదనం చాలావరకు అణుగుతుంది. కంప్యూటర్‌లో నూటికి నూరు శాతం పెద్దది చేసి చూసుకున్నప్పుడు ఆమెకు కనిపించిన గింజలు కాగితం మీద లేవు. ఆమె చూసింది తెరను, మేం చూసింది కాగితాన్ని. ఆ పిల్లకు ఇది తెలియకపోతే ఆ ఫొటో కవరులోనే ఉండిపోయేది. తోటివారి అభిప్రాయం అంటే లోపాలు చెప్పడమే అనుకునేవారికి నేను ఈ సంగతే చెబుతాను. బాగున్నదాన్ని పారేయకుండా ఆపడం కూడా అందులో భాగమే, నా లెక్కలో పెద్ద భాగం.

చెప్పాల్సింది ఒకటి నిజంగానే ఉంది. అమ్మమ్మ ఎడమ చేతి వేళ్ల చివర్లు అంచు దగ్గర తెగిపోయాయి. చేతులే ఆ ఫొటో కాబట్టి ఆ కోత కంటికి తగిలింది. అది ఇంటికెళ్లి కంప్యూటర్‌లో సరిచేసే లోపం కాదు, అక్కడ కూర్చున్నప్పుడే అరడుగు వెనక్కి జరగాల్సింది. అమ్మమ్మ ఉంది, చేట ఉంది, కిటికీ ఉంది, మళ్లీ తీయవచ్చు అన్నాను.

ఈ తేడా ఎప్పుడూ స్పష్టంగా చెప్పాలి. ఇంట్లో సరిచేయగలిగేవి కొన్ని: కొద్దిపాటి వెలుగు నీడలు, రంగు, వంకర, కత్తిరింపు. ఘటన జరిగే చోటే తప్ప ఇంకెక్కడా సరికానివి కొన్ని: మనం నిలబడ్డ చోటు, వెనకాల ఉన్నది, వెలుగు వచ్చే దిక్కు, ఆ క్షణం. కొత్తవారు మొదటి రకంతోనే రాత్రుళ్లు గడుపుతారు. వారికి రెండో రకంలోంచి ఒకే ఒక్కటి చెప్పాలి. ఒక ఫొటోకు ఒక్కటే. ఆరు చెబితే కెమెరా పట్టుకున్నప్పుడు ఆరూ గుర్తురావు, ఒకటి చెబితే అది పట్టుకుని మళ్లీ వెళతారు.

చార్మినార్ ఫొటో దీనికి మంచి ఉదాహరణ. మా గదికి వచ్చే ప్రతి కొత్త సభ్యుడూ ఎప్పుడో ఒకప్పుడు చార్మినార్ తెస్తాడు, తేవాలి కూడా. ఒక కుర్రాడు సాయంత్రం పొద్దుగూకాక తీసింది తెచ్చాడు. దీపాలు వెలిగాయి, ఆకాశం కళ్లు చెదిరే నీలం. మినార్ల చుట్టూ మాత్రం వెలుగు చార ఒకటి కనిపించింది, ఆకాశం మెట్లు మెట్లుగా విడిపోయింది. అతనికి ఆ మెట్లు ఎందుకొచ్చాయో తెలియదు. మామూలుగా అందరం వాడే జేపెగ్ ఫైలులో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, కెమెరా పట్టినది పట్టినట్టు దాచే 'రా' (RAW) ఫైలు 14 బిట్లదైతే 16,384. జేపెగ్ తీసుకుని నీలాన్ని అంతలా లాగితే ఉన్న మెట్లు బయటపడతాయి. ఆ వివరం చెప్పాం. కానీ అతనికి ఇచ్చిన ఒక్క సలహా రంగు గురించి కాదు. సూర్యుడు అస్తమించాక మన ఊళ్లో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఆకాశపు వెలుగు, దీపాల వెలుగు సమానంగా తూగుతాయి, అతను ఆ సమయం దాటాక తీశాడు. లేని నీలాన్ని కంప్యూటర్‌లో తెచ్చుకోవాల్సివచ్చింది. "ముందుగా వెళ్లి నిలబడు తమ్ముడూ" అన్నారు దుకాణం ఆయన. అంతకన్నా చెప్పనవసరం లేకపోయింది.

పక్షుల ఫొటోల దగ్గర పని సులువు. అమీన్‌పూర్ చెరువు నుంచి తెచ్చినవైనా, ఇంకెక్కడివైనా, కన్ను స్పష్టంగా ఉందా, కంట్లో వెలుగు చుక్క ఉందా, వెనకాల శుభ్రంగా ఉందా అన్నవి వెంటనే తేలిపోతాయి. నేను అదనంగా అడిగేది ఒక్కటే, గూడు దగ్గర తీసిందా అని. గూటి దగ్గర తీసినవి మేం బల్ల మీద పెట్టం.

కష్టమైన ఫొటోలు మనుషులవి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు పాతబస్తీలో ఒక మసీదు మెట్ల మీద కూర్చున్న వృద్ధుడి ఫొటో తెచ్చారు. ముడతలు, గడ్డం, మాసిన శాలువా, చాచిన చేయి. నలుపు తెలుపులో ముడతలన్నీ లోతుగా చేశారు. అందరూ వెలుగు గురించి మాట్లాడారు. నా చూపు దారి చెప్పినప్పుడు, కన్ను ముడతల మీద పడి అక్కడే ఆగిపోయిందని, మనిషి దగ్గరకు చేరలేదని అన్నాను. ఆ ఫొటో వీధికి అవతలి వైపు నుంచి, దూరాన్ని దగ్గరకు లాగే దాదాపు 200 మిల్లీమీటర్ల లెన్సుతో తీసినది. దూరం నుంచి తీస్తే అది ఫొటోలోనే తెలిసిపోతుంది. ముందూ వెనకా ఒకదాని మీద ఒకటి అతుక్కున్నట్లు ఉంటాయి, ఆ మనిషి చూపు కెమెరా ఉందని ఎరగదు. దగ్గరగా, విశాలంగా చూసే 35 మిల్లీమీటర్ల లెన్సుతో తీసిన ముఖంలో ఫొటోగ్రాఫర్ కూడా ఉంటాడు, ఇద్దరి మధ్య ఒక అంగీకారమో, కోపమో, కుతూహలమో కనిపిస్తుంది.

"అడిగితే సహజంగా రాదు కదా" అన్నారాయన. అడిగాక కూడా కాసేపు కూర్చుంటే సహజం తిరిగి వస్తుందని నేనన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు. నేనూ మార్చుకోలేదు. చేయి చాచిన మనిషి ముఖాన్ని అతనికి తెలియకుండా తీసుకుని, ఆ పేదరికానికి మెప్పు పొందడం నాకు సమ్మతం కాదు, అది ఎంత చక్కటి వెలుగులో ఉన్నా సరే. ఇలాంటి మాట చెప్పాల్సివచ్చినప్పుడు మెత్తగా చెబుతాను కానీ దాచను. అభిప్రాయం చెప్పడంలో అందరూ ఏకీభవించి లేవాలన్న నియమమేమీ లేదు. ఆయన మరుసటి నెల వచ్చారు, వస్తూనే ఉన్నారు. మాకు అది చాలు.

ఇక వినే వైపు. ఇది చెప్పడం కన్నా కష్టమని నేర్చుకున్నది నా ఫొటోతోనే. హైదరాబాద్‌లోని పైగా వంశపు నవాబుల సమాధుల దగ్గర సున్నపు జాలీ (చిల్లుల నగిషీ) పనితనం తీశాను. ఆ నగిషీ గుండా వచ్చిన ఎండ నేల మీద నక్షత్రాల్లా పడింది, ఆ వెలుగు కోసమే మళ్లీ మళ్లీ వెళ్లాను. బల్ల మీద పెట్టి నోరు మూసుకుని కూర్చున్నాను, ఎందుకంటే మిగతావారు చూపు దారి చెబుతున్నప్పుడు తీసినవారు జవాబు చెప్పకూడదు. దుకాణం ఆయన చూపు జాలీ మీద పడి, కిందికి జారి, నేల మీది వెలుగు మీదుగా వెళ్లి ఫొటో బయటకు పోయిందట. "బయటకు పోయింది మేడమ్, తిరిగి రాలేదు" అన్నారు. కుడి అంచులో నేల తెల్లగా వెలిగిపోతోంది, వెలుగున్న అంచు చూపును బయటకు తీసుకుపోతుంది. నాకు చెప్పాలనిపించిన మాటలు పది ఉన్నాయి. ఎండ ఎంతసేపు నిలుస్తుందో, ఆ చోటు ఎంత ఇరుకో. చెప్పి ఉంటే ఆయన తగ్గేవారు, నాకు ఆ మాట దక్కేది కాదు. రాసుకున్నాను. తీసినవారు మౌనంగా రాసుకోవాలన్న నియమం ఆ తర్వాత అందరికీ పెట్టాం. కాగితం మీద పెన్ను కదులుతుంటే చెప్పేవారికి కూడా తమ మాటకు విలువ ఉందని తెలుస్తుంది, ఆచి తూచి చెబుతారు.

ఏ పద్ధతికీ లొంగని ఫొటో ఒక రకం ఉంది. అన్నీ సరిగ్గా ఉంటాయి. వెలుగు సమంగా ఉంది, గీతలు నిటారుగా ఉన్నాయి, ఫోకస్ ఉండాల్సిన చోట ఉంది, అంచులు శుభ్రంగా ఉన్నాయి. చూపు సాఫీగా వెళ్లి సాఫీగా వస్తుంది. మనసులో ఏమీ మిగలదు. మా బ్యాంకు ఉద్యోగి ఫొటోలు చాలాకాలం అలాగే ఉండేవి. ఆయనకు ఏం చెప్పాలో నాకు తోచేది కాదు. లోపం లేదని చెప్పడం నిజమే కానీ ఆయనకు పనికిరాదు. ఏదో లేదని చెప్పడమూ నిజమే, దానితో ఆయన చేయగలిగిందేమీ లేదు.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో తీసిన ఫొటో ఒకటి తెచ్చినప్పుడు, అదే చోట అదే పూట తీసినవన్నీ తెమ్మన్నాను. ఆయన మొహమాటపడుతూ చిన్న చిన్న ప్రింట్లుగా ఒకే కాగితం మీద తెచ్చారు. బంతిపూల రాశుల వరుస, అదే కోణం, అదే దూరం, కొద్దికొద్ది తేడాలతో. చివరి వరుసలో ఒకటి మాత్రం వంకరగా ఉంది. పూల గంప తలకెత్తుకుంటున్న ఒక హమాలీ ఆయనకు అడ్డొచ్చాడు. గంప అంచు సగం ఫొటోను కప్పేసింది, దాని కింద నుంచి ఒక కన్ను నేరుగా కెమెరాను చూస్తోంది. వెనకాల పూలు మసకబారాయి. ఆయన దాన్ని పారేయాల్సినవాటిలో గుర్తు పెట్టారు. గదిలో అందరి చూపూ ఆ చిన్న ప్రింటు మీదే ఆగింది, ఎవరూ అడగకుండానే.

దాన్ని పెద్దది చేయించి బల్ల మీద పెట్టినప్పుడు ఆయన చాలాసేపు చూశారు. "ఇది నేను తీసింది కాదు, అతను వచ్చి పడ్డాడు" అన్నారు. "షట్టర్ నొక్కింది మీరే కదా సార్" అంది మలక్‌పేట అమ్మాయి. అప్పటి నుంచి, అన్నీ సరిగ్గా ఉండి ఏమీ అనిపించని ఫొటో వచ్చినప్పుడు మేం దాని మీద మాట్లాడటం మానేశాం. దానికి ముందూ తర్వాతా తీసినవి తెమ్మని అడుగుతాం, తీసినవారు పక్కన పడేసినవాటిని మొదట చూస్తాం. ఈ మధ్య బ్యాంకు ఉద్యోగి తానే ఆ కాగితం కూడా కవరులో పెట్టుకుని వస్తున్నారు.